ఇంటికి కాళ్ళు అడిగిన ఓర్ఫెలీనా

మా గుడి కట్టి నూరేళ్ళవుతోందని ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. అందులో ఓర్ఫెలీనా గురించి రాసే పని నాకు అంటగట్టారు. నేను సెలిందోని, ముప్ఫై ఏళ్ళు ఈ చిలోయే దీవుల మధ్య పడవ నడిపినవాణ్ణి. చుక్కాని పట్టిన చేత్తో కలం పట్టడం కష్టమేమీ కాదు గానీ, ఆవిడ గురించి మంచిగా రాయడానికి నాకంటే తగనివాడు మా దీవిలో ఇంకొకడు లేడు. ఆ మాటే చెబితే, "అందుకే నువ్వు రాయాలి" అన్నాడు గుడిపెద్ద ఆర్తెమియో. ఓర్ఫెలీనాని కూడా అడిగాను. "జరిగింది జరిగినట్టు రాస్తే రాయి. నన్ను వెనకేసుకొచ్చేట్టయితే వద్దు" అంది. సరే, మొదలుపెడుతున్నాను.

ఓర్ఫెలీనా ఎవరింట్లోనూ ఏమీ పుచ్చుకునేది కాదు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వేడివేడి మాతే కషాయం చేతికిస్తే, "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అనేది. ఆవిడ ఇల్లు దీవికి అటు కొసన ఉండేది, నడిస్తే గంటన్నర. గంటన్నర కిందట తాగిన మాతే ఎవరికి ఆనుతుంది? వానలో ముద్దయి వచ్చినా మనమిచ్చిన తువ్వాలు తీసుకోదు. తన శాలువానే పిండుకుని మళ్ళీ కప్పుకునేది. ఇచ్చే దగ్గర మాత్రం ఆవిడ చేతికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఎవరింట్లో చావైనా, పెళ్ళైనా తెల్లారేసరికి బుట్ట నిండా బంగాళాదుంపల రొట్టెలు మోసుకుని వాలిపోయేది. గిన్నెలు తోమేది, ఉన్ని వడికేది, పురిటింట్లో బట్టలుతికేది. పని అయ్యాక భోజనానికి పిలుద్దామని చూస్తే మనిషి ఉండేది కాదు. కొందరు దాన్ని మంచితనమన్నారు, ఎక్కువమంది పొగరన్నారు. నేను రెండో జట్టు.

గుడి తాళాలు ఆవిడ దగ్గరే ఉండేవి. మాకు ఫాదర్ గారు ఏడాదికి రెండుసార్లు వస్తారు, అదీ సముద్రం ఒప్పుకుంటే. మిగతా ఆదివారాలు మా ప్రార్థనలు మావే. ఆర్తెమియో ముందు నిలబడేవాడు, జపమాల చెప్పించేదీ వాక్యం చదివేదీ ఓర్ఫెలీనా. ప్రార్థన నడిపించే గొంతు కాదు ఆవిడది. నీలిమందూ ఉప్పూ ధరలు చదివినట్టు చదివేది. దేవుని కృప ఉచితం, మన యోగ్యతను బట్టి రాదు అన్న వాక్యం వచ్చినప్పుడు ఇంకాస్త తొందరగా చదివి పేజీ తిప్పేసేది. ఒకసారి ఫాదర్ గారు నవ్వుతూ, "ఓర్ఫెలీనా, పరలోకం కూడా ఊరికే ఇస్తే పుచ్చుకోవేమో నువ్వు" అన్నారు. "ఇచ్చినప్పుడు చూద్దాం లెండి ఫాదర్" అని చీపురు తీసుకుని పోయింది.

ఇప్పుడు నా గొడవలోకి వస్తాను.

మా వైపు మనుషులు చోటు మారితే ఇల్లు వదిలేసి పోరు, ఇంటిని వెంట తీసుకుపోతారు. చెక్క ఇళ్ళు, చెక్క పెంకులు. కిటికీలు ఊడదీసి, ఇంటిని రాళ్ళ మీంచి లేపి, కింద రెండు పొడుగాటి దుంగలు దూర్చి, మోకులు కట్టి, ఊరివాళ్ళ ఎద్దుల చేత లాగిస్తారు. దీనికి కూలి ఇవ్వరు. ఇస్తామన్నవాణ్ణి మళ్ళీ ఎవరూ పలకరించరు. ఇంటాయనో ఇంటావిడో గడపగడపకీ వెళ్ళి అడగాలి, అంతే. లోపలికి రాకూడదు, కూర్చోకూడదు. బయటే నిలబడి, తల మీద ఏదుంటే అది తీసి, "నా ఇంటికి కాళ్ళు కావాలి. మీ ఎద్దుల్ని అడగడానికొచ్చాను" అనాలి. అవతలివాడు "ఏ రోజు?" అంటే ఒప్పుకున్నట్టు. ఆ రెండు ముక్కలు అన్నాక ఇంక తప్పడమనేది లేదు. అడగని ఇంటికి ఎద్దులు తోలుకుపోవడం మాత్రం ఎవరూ చెయ్యరు. ఎవడి ఇల్లు పడిపోతున్నా సరే, పిలవని పేరంటానికి వెళ్ళినట్టే లెక్క.

ఇరవై మూడేళ్ళ కిందట నేనూ అలా అడిగాను. మా ఇల్లు సముద్రపు పాయకి ఇవతల ఒడ్డున ఉండేది, గుడి అవతల ఒడ్డున. గుడి పక్కన నాకు మా మేనమామ ఇచ్చిన జాగా ఒకటుంది. నా భార్య సునిల్దాకి పెళ్ళయిన మొదటి రోజు నుంచీ ఆ జాగా మీదే ప్రాణం. "గుడి పక్కన పొయ్యి వెలిగించుకోవాలి సెలిందో" అనేది. ఇంకేమీ అడిగే మనిషి కాదు. ఎనిమిదిళ్ళకి వెళ్ళి ఎనిమిది జతలు అడిగాను. అందరికంటే ముందు అడిగింది ఓర్ఫెలీనా మొగుడు బౌదిలియోని. అతని ఎద్దులు అలాంటివి మరి. ముందు కాడికి అవి ఉంటే వెనక జతలు వాటంతటవే నడిచేవి. బౌదిలియో గుమ్మంలో నిలబడి, "ఏ రోజురా?" అన్నాడు. నా భుజం మీద చరిచాడు కూడా.

ఇల్లు లాగే రోజు బౌదిలియో రాలేదు. పాయలో నీళ్ళు వెనక్కి పోయి అడుసు తేలింది. మళ్ళీ పోటు వచ్చేలోగా దాటిపోవాలి. గంటసేపు చూశాం, మనిషిని పంపాం. ఎర్ర ఎద్దు కుంటుతోందట, రావట్లేదట అని కబురొచ్చింది. ఏడు జతలతోనే లాగాం. సగం దూరంలో ఒక దుంగ మెత్తటి చోట దిగబడింది. ముందుకి లాగే బలం చాల్లేదు, వెనక్కి రాలేదు. అరిచాం, తోశాం, మోకులు రెండు తెగాయి. పోటు వచ్చేసింది. సునిల్దా ఒడ్డున నిలబడి చూస్తూనే ఉంది. నీళ్ళు గడప దాటాయి, తర్వాత కిటికీ కంతల్లోంచి లోపలికి పోయాయి, సాయంత్రానికి ఇల్లు ఒక పక్కకి ఒరిగింది. మర్నాడు ఒడ్డంతా మా ఇంటి పలకలే.

నేను పడవ పెట్టుకునే కొట్టానికి నాలుగు చెక్కలు కొట్టి అందులో కాపురం పెట్టాను. కొత్త ఇల్లు కడతాం రమ్మని వాళ్ళూ వీళ్ళూ అన్నారు. ఒద్దన్నాను. ఎవరినీ ఏదీ అడగనని ఒట్టు పెట్టుకున్నాను. మగాడి మొండితనానికి ఆడది మూల్యం చెల్లిస్తుంది. రెండో చలికాలంలో సునిల్దాకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. కాస్త్రో పట్నంలో ఆసుపత్రికి పడవ మీద తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. పడవ నడిపేది నేనే. చివరిదాకా నా వైపే చూస్తూ ఉంది.

బౌదిలియోని నేను తిట్టలేదు, కొట్టలేదు. ఎదురొస్తే పక్కకి తప్పుకునేవాణ్ణి. నేను మాట్లాడకపోతే ఊరూ సరిగా మాట్లాడలేదు. అతనూ నోరెత్తలేదు. ఆరేళ్ళ తర్వాత చేపలకి వెళ్ళి గాలివానలో పోయాడు. ఓర్ఫెలీనా ఒక్కతే ఆ కొసన మిగిలింది. ఊళ్ళో ఎవరి ఇల్లు లాగినా ఆవిడ వంట దగ్గర ఉండేది. ఎద్దులు లేవు గనక తన చేతులే తెచ్చేది. ఒక్క నాకే ఏమీ తేలేకపోయింది. ఎందుకంటే నేను ఎవరినీ ఏదీ అడగలేదు కదా.

ఆ ఇరవై రెండేళ్ళలో సముద్రం ఆవిడ గట్టుని తింటూ వచ్చింది. మొదట ఆపిల్ చెట్లు పోయాయి, తర్వాత కోళ్ళ గూడు, ఆ తర్వాత దుంపల మడి. కిందటి ఏడాది, మాకు జూన్‌లో మొదలయ్యే చలికాలానికి ముందు, నేను పడవలోంచి చూస్తే ఇంటి గోడకీ గట్టు అంచుకీ మధ్య ఏడడుగులుంది. ఊరంతా ఎదురుచూస్తోంది ఆవిడ వచ్చి అడుగుతుందని. ఆవిడ రాదు. ఆదివారం వస్తుంది, వాక్యం చదువుతుంది, బయటికొచ్చి గుడి పక్కన ఖాళీగా ఉన్న నా జాగా వైపు కాసేపు చూస్తుంది, గంటన్నర నడిచి పోతుంది. సునిల్దాని తలుచుకుని చూస్తోందనుకునేవాణ్ణి.

జూన్‌లో ఒకరోజు పడవకి తారు పూస్తుంటే ఆర్తెమియో వచ్చి రాయి మీద కూర్చున్నాడు. ఎనభై దాటినా నాలుక పదును తగ్గలేదు.

"ఆవిడ అడగదు" అన్నాడు.

"నన్నేం చెయ్యమంటావు బాబాయ్? ఆవిడ నోరు నేను కుట్టానా?"

"కుట్టలేదు. ఒక్కసారి బౌదిలియోని నాలుగు తిట్టినా బాగుండేది. ఆవిడ మొగుడు అన్నమాట తప్పాడు. ఆ ఇంటివాళ్ళకి ఎవరి గడపా తొక్కే మొహం లేకుండా పోయింది. ముందు నీ గడప తొక్కాలి. నీకేమో అసలు గడపే లేదు, ఇదిగో ఈ పడవ కొట్టం తప్ప."

"అయితే?"

"అయితే నువ్వే వెళ్ళు. అరవై ఏడేళ్ళొచ్చాయి, ఇంక ఎప్పుడు పెద్దవాడివవుతావు?"

రెండు రోజులు సణుక్కున్నాను. మూడో రోజు గడ్డం గీసుకున్నాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. దారి పొడుగునా నా మంచితనం చూసి నాకే ముచ్చటేసింది. ఇల్లు లాగిద్దామని చెప్పడమే కాదు, గుడి పక్క జాగా కూడా ఇచ్చేద్దామని నడుస్తూ నడుస్తూ అనుకున్నాను. ఫాదర్ గారు వింటే ప్రసంగంలో చెబుతారేమో అని కూడా అనుకున్నాను. సిగ్గుపడాల్సిన మాటే, అయినా జరిగింది జరిగినట్టు రాయమన్నారు కదా.

ఓర్ఫెలీనా నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత లోపలికి రమ్మంది. పొయ్యి పక్కన కూర్చోబెట్టి మాతే కాచింది. కింద అలలు కొడుతుంటే పీట అదురుతోంది. నేను గొంతు సవరించుకుని చెప్పాల్సింది చెప్పాను. "బౌదిలియో పోయాడు, ఆ సంగతి అతనితోనే పోయిందనుకుందాం. నా జాగా ఊరికే ఉంది. ఇల్లు అక్కడికి లాగుదాం. గుడి పక్కన హాయిగా ఉంటావు."

ఆవిడ కెటిల్ కింద పెట్టింది.

"ఆ రోజు ఎద్దు కుంటలేదు సెలిందో."

"ఇప్పుడా మాటెందుకు?"

"విను. బౌదిలియో చీకటితోనే లేచి కాడి కట్టేశాడు. నేనే విప్పించాను. ఎర్రది కుంటుతోందన్నాను. చూసొచ్చి, ఎక్కడ కుంటుతోందే అన్నాడు. నువ్వు వెళ్తే తిరిగొచ్చేసరికి నేను ఇంట్లో ఉండనన్నాను. పిల్లల్లేని ఇల్లు, నేను కూడా లేకపోతే ఏముంది అతనికి? కూలబడ్డాడు."

ఆవిడ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.

"గుడి పక్క చోటు నాకు కావాలని ఉండేది. కాపురానికొచ్చినప్పటి నుంచీ ఏడ్చాను, నన్ను ఈ కొస నుంచి తీసుకుపో, గుడి పక్కకి తీసుకుపో అని. నీ భార్యకి దొరుకుతోందంటే ఓర్చుకోలేకపోయాను. ఇల్లు పోతుందనుకోలేదు. ఆ రోజుకి ఆగిపోతారనుకున్నాను, ఇంకో నెల వెనక్కి పోతుందనుకున్నాను. నా మొహం చూసి బౌదిలియో మాట తప్పినవాడనిపించుకున్నాడు. చచ్చిపోయేదాకా ఒక్కరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

"సునిల్దా బతికుండగా చెప్పాల్సింది."

"చెప్పాల్సింది. నువ్వు పడవకి వెళ్ళిన రోజు చూసి రెండుసార్లు మీ కొట్టం దాకా వచ్చాను. లోపల దగ్గు వినిపించింది. వెనక్కి పోయాను."

నా చేతిలో మాతే అలాగే ఉంది. దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టి లేచాను. నా మంచితనమంతా ఆ మెట్లు దిగేసరికే హరించుకుపోయింది. దారిలో ఒకచోట ఆగి కంచె గుంజని కాలితో తన్నాను. బొటనవేలు గోరు ఊడింది. అదొక్కటే ఆ రోజు నేను చేసిన పని.

ఎవరికీ చెప్పలేదు. ఆవిణ్ణి కాపాడదామని కాదు. చెబితే నా కోపం ఊరివాళ్ళతో పంచుకోవాలి, అది నాకిష్టం లేదు. ఆదివారాలు గుడికి వెళ్ళడం మానేశాను. ఆర్తెమియో వచ్చి, "ఏమైందిరా, వెళ్ళావుగా?" అని అడిగితే, "వెళ్ళాను. గోరు ఊడింది" అన్నాను. జూలైలో పెద్ద గాలి వచ్చింది. ఆగస్టులో ఇంకొకటి. ఓర్ఫెలీనా ముందు మెట్టు సముద్రంలోకి పోయిందని, ఇప్పుడావిడ వెనక కిటికీలోంచి దిగి గుడికి వస్తోందని చెప్పుకున్నారు. నాకు జాలి వెయ్యలేదు. సునిల్దాకి కిటికీ కూడా లేదు, కొట్టంలో గాలొచ్చే సందులే తప్ప.

ఆగస్టు చివర ఒక సోమవారం పొద్దున, వాన పడుతోంది. నేను ఎద్దులకి మేత వేస్తున్నాను. అవును, ఇన్నేళ్ళలో ఒక జత కొనుక్కున్నాను, ఎవరినీ అడగక్కర్లేకుండా. వెనక అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే ఓర్ఫెలీనా. కొట్టం తలుపుకి అవతల, వానలో నిలబడింది. ఆవిడ చేతిలో బుట్ట లేదు. ఖాళీ చేతులతో ఆవిణ్ణి చూడడం నాకదే మొదటిసారి. తల మీది శాలువా తీసింది. తెల్లజుట్టు క్షణంలో తడిసి అతుక్కుపోయింది.

"నా ఇంటికి కాళ్ళు కావాలి సెలిందో. నీ ఎద్దుల్ని అడగడానికొచ్చాను" అంది. తర్వాత, "నీ జాగా కూడా అడగడానికొచ్చాను" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గనిపించట్లేదా నీకు?"

"అనిపిస్తోంది. ఇంటి దగ్గర వదిలి వద్దామంటే వదల్లేదు, వెంటే వచ్చింది."

"ఇంకెక్కడా చోటే లేదా ఈ దీవిలో? రికార్దో పొలం పక్కన ఉంది, బడి వెనక ఉంది."

"ఉంది. కానీ నాకు కావాల్సింది నీ జాగానే. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. వేరే చోటు చాలని నీకు అబద్ధం చెప్పనా?"

"ఏం ఇస్తావు దానికి?"

"ఏమీ లేదు నా దగ్గర. ఇన్నేళ్ళూ ఇద్దామనే చూశాను. ఊళ్ళో అందరికీ చేశాను, నీకు చెయ్యడానికి నాకు ఏదీ దొరకలేదు. పైగా సునిల్దా అంతటిది ఇంకేం ఉంటుంది ఇవ్వడానికి? లేదని తెలిసే వచ్చాను. నువ్వు పొమ్మంటే పోతాను, ఇంకెవరి దగ్గరికీ వెళ్ళను."

వాన గట్టిగా పడుతోంది. ఆవిడ కదల్లేదు, ఏడవలేదు. డెబ్భై ఏళ్ళ మనిషి, బౌదిలియో పాత తోలు కోటు వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కలకి వేలాడేసుకుని నిలబడింది. నేను పొమ్మందామనే నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, పొమ్మందామనే.

"ఏ రోజు?" అన్నాను.

ఆ మాట బయటికొచ్చాక నేనే విన్నాను. ఎందుకన్నానో ఫాదర్ గారు అడిగారు, ఆర్తెమియో అడిగాడు, పుస్తకం వేసేవాళ్ళు కూడా అడిగారు. నాకు తెలిస్తే చెప్పనా? ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చిందని రాయలేను, అది అబద్ధం. నేను మంచివాణ్ణి గనక అన్నానని కూడా రాయలేను. నా మంచితనం ఎంత దూరం నడుస్తుందో నాకు జూన్‌లోనే తెలిసింది. ఆ రోజు ఆవిడ ఒట్టి చేతులతో వచ్చింది, నా దగ్గరా అంతకంటే ఏమీ లేదు. ఇద్దరికీ అవతల నుంచి ఎవరో ఆ మాట అనిపించారనే అనుకుంటాను. ఇంతకంటే నన్ను అడగొద్దు.

ఓర్ఫెలీనా తలుపు పట్టుకుంది. "పధ్నాలుగో తారీకు. నీళ్ళు బాగా వెనక్కి పోతాయట" అంది. తర్వాత శాలువా కప్పుకుని, పక్కింటి గడప దగ్గరికి నడిచింది, అక్కణ్ణించి ఆ పక్కింటికి. చీకటి పడేలోగా ఊరంతా తిరిగింది.

పధ్నాలుగున పద్దెనిమిది జతలొచ్చాయి. అంత అవసరం లేదు, అయినా ఒక్కరూ ఇంట్లో ఉండలేకపోయారు. కుర్రాళ్ళు గట్టు మీంచి ఇంటిని లేపి దుంగల మీదకి ఎక్కించేటప్పటికి ముందు గోడ కింద మట్టి ఊడి కిందపడింది. "త్వరగా కానివ్వండిరా, సముద్రం అన్నం పెట్టమని కూర్చుంది" అని ఆర్తెమియో అరుస్తున్నాడు. ముందు కాడికి నా ఎద్దులు. కొస నుంచి పాయ దాకా మధ్యాహ్నమైంది. అడుసు తేలింది. ఇంటావిడ వెనక నడవాలి, అది రివాజు. ఓర్ఫెలీనా వెనకే నడుస్తోంది.

ఆ మెత్తటి చోటు నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా పడవలో దాని పక్కనించి పోతూ వస్తున్నాను. ఎద్దుల కాళ్ళు దిగబడ్డాయి, దుంగ ఒక పక్కకి మునిగింది, ఇల్లు మూలిగింది. "హే" అని అదిలించాను. వెనక పదిహేడు జతలూ ఒక్కసారి వంగాయి. ఒక పరలోక జపం చెప్పుకునేంత సేపు. అంతే, అడుసు దుంగని వదిలేసింది, ఇల్లు జారుకుంటూ గట్టి నేల మీదకి వచ్చేసింది. అందరూ కేకలు పెట్టారు, అకార్డియన్ మోగింది.

నేను నడవలేకపోయాను. పగ్గం పక్కవాడికిచ్చి అక్కడే అడుసులో నిలబడిపోయాను. ఇంతేనా? ఒక్క జత ఎద్దులు, ఇంతసేపు? దీనికా సునిల్దా పోయింది? ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు. పక్కన ఎవరో వచ్చి ఆగారు. ఓర్ఫెలీనా. రివాజు తప్పి ముందుకి వచ్చింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే సెలిందో" అంది. "ఇంతే కావాల్సింది."

ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే చెయ్యి చేసుకునేవాణ్ణేమో. ఇద్దరం అక్కడే ఏడ్చాం, ఆవిడ ఆవిడ వైపు, నేను నా వైపు. నీళ్ళు మడమలకి తగిలితే నడిచి ఒడ్డెక్కాం.

సాయంత్రం గొర్రెమాంసం, ఆల్చిప్పలు, దుంపలు, ఆపిల్ కల్లు. ఇంటావిడ అందరికీ వడ్డించి, ఆఖర్న మిగిలింది తినాలి. పద్దెనిమిది జతల వెనక వచ్చిన జనం ఏమీ మిగల్చలేదు. ఓర్ఫెలీనా ఖాళీ కుండ వైపు చూసి, "నాకు ఆకలి లేదులెండి" అంది, ఎప్పటిలాగే. నా పళ్ళెంలో సగం ఉంది. తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. బతిమాలలేదు. ఆవిడ చాలాసేపు ఆ పళ్ళెం వైపు చూసింది. తర్వాత గడప మీద కూర్చుని, ఎముక కూడా వదలకుండా తినేసింది.

ఇప్పుడు మా ఊళ్ళో అందరికీ ఒక కొత్త చిక్కొచ్చింది. ఓర్ఫెలీనా అడగడం నేర్చుకుంది. ఉప్పు అడుగుతుంది, నిప్పు అడుగుతుంది, పొద్దున్నే వచ్చి మాతే ఉందా అని అడిగి రెండు గిన్నెలు తాగి పోతుంది. "డెబ్భై ఏళ్ళ బకాయి ఒక్కసారే లాగేస్తోంది" అని ఆర్తెమియో గొణుగుతాడు. గుడిలో ఆ కృప వాక్యం వస్తే మాత్రం ఇప్పుడు నెమ్మదిగా చదువుతోంది. ఒక్కోసారి మధ్యలో ఆగిపోతే మేమందరం ఎదురుచూస్తాం.

ఆవిణ్ణి క్షమించేశావా అని అడిగేవాళ్ళకి నేనేం చెప్పను? గుడికి వెళ్తూ ఆ ఇంటి ముందు నుంచి పోవాలి. పొగ గొట్టంలోంచి పొగ వస్తూ ఉంటుంది. సునిల్దా, అక్కడ పొయ్యి వెలిగించాల్సింది నువ్వు. ఈ మాట నేను ప్రతిసారీ అనుకుంటాను, దేవుడితో కూడా అంటాను, ఆయన ఊరుకుంటాడు. నువ్వు కనపడే రోజు ఒకటుందని నమ్ముతున్నాను గనక సరిపోయింది, లేకపోతే ఈ పాయలోనే ఎప్పుడో దూకేవాణ్ణి. ఆ రోజు నువ్వే అడుగుతావు, నా జాగా ఏం చేశావని. ఇచ్చేశానని చెప్తాను. నీకు కోపమొస్తుందో రాదో నాకు తెలియదు. నిన్న ఓర్ఫెలీనా కట్టెలు కావాలంది. గొడ్డలి భుజాన వేసుకుని వెళ్ళాను.